మృత్యుంజయమూ, మరణం మరచిన కణమూ



ఈ వ్యాసం ఒక మంత్రార్థాన్ని గూర్చినది. అంతకంటె ముందుగా నా దోషం ఒకదానిని గూర్చినది. ముప్పది సంవత్సరాలకు పైగా అర్చకత్వంలో ఉన్నాను. నిత్యం త్ర్యంబక మంత్రాన్ని ఉచ్చరిస్తూ, దాని అర్థాన్ని అడిగినవారికి చెప్తూ వచ్చాను. అయినను ఆ అర్థంలో నా దృష్టికి రాని ఒక పార్శ్వాన్ని ఒక వ్యాధిగ్రస్తుని ప్రశ్న, ఒక ప్రయోగశాలలోని గాజుపలక కలసి చూపించాయి. ఆ భక్తుని అనుమతితోనే ఇది వ్రాస్తున్నాను. ఆయన కోరిక మేరకు పేరు మాత్రం వ్రాయడం లేదు.

మా ఆలయం హైదరాబాదులోని సనత్‌నగర్‌లో ఉన్నది. ఒకవైపు పారిశ్రామికవాడ, దానిని ఆశ్రయించి పెరిగిన కార్మికుల ఇండ్లు. మరొకవైపు ఈఎస్ఐ ఆసుపత్రి, ఆ పక్కనే ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రి. అమీర్‌పేట దాటి పంజాగుట్ట చేరితే నిమ్స్. అందుచేత మా స్వామి ఎదుటకు కొబ్బరికాయతో వచ్చేవారే కాక, చంకలో స్కానింగు కవరుతో వచ్చేవారూ తక్కువేమీ కాదు. కొందరు ఆసుపత్రికి పోయే ముందు వస్తారు. కొందరు అక్కడినుండి నేరుగా వస్తారు. ఈ రెండవవారి ముఖం చూస్తే గోత్రం అడగడానికి కూడ నోరు రాదు.

రెండు కార్తికమాసాల క్రిందటి మాట. పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో లేతు మిషను మీద పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దాయన, నిత్యం ప్రదోషవేళ దీపం పెట్టడానికి వచ్చేవారు. ఒకనాడు దవడ క్రింద వ్రేలితో నొక్కి చూపించి, “అయ్యగారూ, ఇక్కడ ఉసిరికాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు. దవాఖానకు పోవాల్నా?” అని అడిగారు. నేను నాడి పట్టినవాడను కాను, వైద్యం చదివినవాడను కాను. అయినను ఏమాత్రం సంకోచం లేకుండా, “నొప్పి లేదు కదా, జ్వరం లేదు కదా, భయమెందుకు? ఒక మండలం మృత్యుంజయ జపం చేయిద్దాం. తరువాత చూద్దాం” అన్నాను.

నలుబదియొక్క దినాలు శ్రద్ధతోనే జపం చేశాను. ఆ శ్రద్ధలో లోపం లేదు. లోపం “తరువాత చూద్దాం” అన్న మాటలో ఉన్నది. మండలం పూర్తియయ్యేసరికి చంకలో మరొక గడ్డ కనిపించింది. ఆయన కుమార్తె ఆలయానికి వచ్చి, కోపం కూడ లేని కంఠంతో, “అయ్యగారూ, మీరు చెప్పిన్రనే మా నాయిన ఆగిండు” అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. నొప్పి లేని గడ్డను చూచి నిశ్చింతగా ఉండరాదనీ, నొప్పి లేకపోవడమే వైద్యుని మరింత జాగ్రత్తపడేటట్లు చేసే లక్షణాలలో ఒకటనీ తరువాత తెలిసింది.

ఆసుపత్రిలో గడ్డనుండి ముక్క తీసి పరీక్షకు పంపారు. నివేదిక వచ్చిన సాయంకాలం ఆయన దానిని తెచ్చి ముఖమండపంలో నా ముందు పెట్టారు. ఫోలిక్యులర్ లింఫోమా అని వ్యాధి నామం. లింఫు గ్రంథులలో ఉండే బి-కణాల నుండి పుట్టే ఒక కాన్సరు. ఆ నామం క్రింద కొన్ని అక్షరాలు, అంకెలు: సీడీ20, సీడీ10, బీసీఎల్2. ప్రతిదాని పక్కన ‘పాజిటివ్’ అని ఉన్నది. వైద్యుడు ఓపికగా వివరించినట్లున్నారు. ఎందుకంటే ఆయన అడిగిన ప్రశ్న వ్యాధి మూలాన్నే తాకింది.

“అయ్యగారూ, ఈ బీసీఎల్2 అనేది ఎక్కువైతే కణం చావదంట. చావాల్సిన కణం చావకుండ కూసునుడే నా రోగమంట. మీరు నా పేరు మీద నలభైఒక్క రోజులు చావు వద్దనే గద జపం చేసింది. మరి మనం అడిగింది దేవుడు ఇట్ల ఇచ్చిండా?”

ఆ ప్రశ్నలో పరిహాసం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నేను “అంతా స్వామి దయ” వంటి మాట ఏదో అని, తీర్థం ఇచ్చి పంపించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాకు ఒక కుమార్తె. జీవశాస్త్రం చదివి నగరంలోని ఒక పరీక్షాకేంద్రంలో ఈ విధమైన కణజాల పరీక్షలే చేస్తుంది. నిజం చెప్పాలంటే ఆమె వృత్తి పట్ల నాకు లోలోపల ఒక సంకోచం ఉండేది. మాంసఖండాలను తాకే పని. సాయంత్రం ఇంటికి రాగానే స్నానం చేసి గాని పూజగది గడప దాటదు. కాని అక్కడ ఏమి చేస్తున్నదో నేను ఏనాడూ అడిగి ఎరుగను. మరునాడు ఉదయం అడిగాను. “తల్లీ, బీసీఎల్2 అంటే ఏమిటి? అది ఉన్నదని ఎట్లా కనిపెడతారు?” ఆమె నన్ను కొంతసేపు చూచి, “నాన్నగారూ, ఇన్నాళ్ళకు అడిగారు” అన్నది. తన పై అధికారి అనుమతి తీసుకొని, ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకొని వెళ్ళి, విద్యార్థులకు నేర్పడానికి ఉంచిన గాజుపలకలను చూపించింది. అవి ఆ భక్తునివి కావు.

మొదట కణమరణాన్ని గూర్చి ఆమె చెప్పినది సంగ్రహంగా చెప్తాను. మన శరీరంలో కణాలు దెబ్బతిని చావడం ఒకటి. తమ కాలం తీరగానే తమలో ఉన్న విధి ననుసరించి తామే క్రమంగా ఉపసంహరించుకోవడం మరొకటి. ఈ రెండవ మరణంలో కణం కుంచించుకొని, చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. ఇరుగుపొరుగు కణాలు ఆ పొట్లాలను నిశ్శబ్దంగా స్వీకరిస్తాయి. వాపు లేదు, మంట లేదు. 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనికి ఎపాప్టోసిస్ అని పేరు పెట్టారు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలోని గ్రీకు ఆచార్యుడొకరు సూచించిన పదమట అది. చెట్టు నుండి ఆకులు రాలడం, పూవు నుండి రేకులు రాలడం అని దాని అర్థం.

ఈ మరణం లేకపోతే రూపమే లేదు. గర్భస్థ శిశువు చేయి మొదట తెడ్డు వలె ఉంటుంది. వ్రేళ్ళకు నడుమ ఉన్న కణాలు చనిపోతేనే అయిదు వ్రేళ్ళు విడివడతాయి. సీ ఎలిగాన్స్ అనే ఒక సూక్ష్మమైన పురుగు శరీరం ఏర్పడేటప్పుడు పుట్టే 1090 కణాలలో సరిగ్గా 131 కణాలు చనిపోతాయని లెక్కించారు. అవయవాల వికాసాన్నీ, ఈ విధిబద్ధ మరణాన్నీ నియమించే జన్యువులను కనిపెట్టినందుకు బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్ అనువారికి 2002లో నోబెల్ పురస్కారం లభించింది. ఆ మాట విన్న తరువాత నేను నా కుడిచేతి వ్రేళ్ళను చూచుకున్నాను. నా జపమాల తిరిగేది ఆ సందులలోనే. ఏ మరణాన్ని తొలగించమని జపం చేస్తున్నానో, ఆ మరణమే జపానికి యోగ్యమైన హస్తాన్ని నాకు ఇచ్చింది.

ఇక బీసీఎల్2. అది 239 అమైనో ఆమ్లాలు గుచ్చిన మాల వంటి ఒక ప్రొటీన్. కణంలో శక్తిని ఉత్పత్తి చేసే మైటోకాండ్రియా పొరపై నిలిచి, మరణవిధి ప్రారంభం కాకుండా ద్వారం దగ్గర అడ్డు నిలుస్తుంది. 1980 దశకం నడుమ దాని జన్యువును లింఫోమా కణాలలోనే గుర్తించారు. 18వ క్రోమోజోము నుండి ఒక ఖండం తెగి 14వ క్రోమోజోముపై అతుక్కొనగా, ప్రతిరక్షకాలను తయారుచేసే జన్యువు పక్కన ఇది చేరింది. ఆ పొరుగు ప్రభావంచేత విరామం లేకుండా పనిచేయసాగింది. ఫోలిక్యులర్ లింఫోమాలో నూటికి ఎనభైకి పైగా ఈ స్థానభ్రంశమే కనిపిస్తుంది. కాన్సరు జన్యువు అంటే కణాలను వేగంగా విభజింపజేసేది అని అంతవరకు భావించేవారు. 1988లో మెల్‌బోర్న్ నగరంలో వో, కోరీ, ఆడమ్స్ అనే శాస్త్రజ్ఞులు ఈ జన్యువు చేసే పని వేరని చూపించారు. ఇది కణాన్ని పెంచదు, చావనివ్వదు. అంతే. దీర్ఘకాలం చావకుండా ఉన్న కణంలో తక్కిన దోషాలు ఒక్కొక్కటిగా పోగవుతాయి.

ఈ ప్రొటీన్ కంటికి కనిపించదు. దానిని చూపించేది ఒక ప్రతిరక్షకం. దానినే యాంటీబాడీ అంటారు. మా అమ్మాయి శీతలపేటిక నుండి చిటికెనవ్రేలంత సీసా తీసి చూపించింది. అందులో అడుగున కొన్ని చుక్కల ద్రవం. దానిపై 124 అని సంఖ్య. ఆక్స్‌ఫర్డ్‌లో తయారై, 1990లో ప్రచురితమైన ప్రతిరక్షకం అది. బీసీఎల్2 మాలలో 41వ పూస నుండి 54వ పూస వరకు, అనగా పదునాలుగు పూసలను మాత్రమే కృత్రిమంగా నిర్మించి, ఒక ఎలుకకు ఎక్కించి, దానివలన పుట్టిన ప్రతిరక్షకాన్ని ఎన్నుకున్నారు. ఈ సీసాలోని ప్రతి అణువూ ఆ పదునాలుగు పూసల సన్నివేశాన్నే గుర్తిస్తుంది. లక్షల ఇతర ప్రొటీన్లను స్పృశించి కూడ వదలిపెడుతుంది.

ఆ ఎలుక మాట వినగానే నా మనస్సు అక్కడే ఆగింది. విఘ్నేశ్వరుని పాదాల చెంత నిత్యం మూషికానికి అక్షతలు వేసే వాడను. ఎలుక ప్లీహాన్ని తీసి, అందులోని ప్రతిరక్షక కణాలను కాన్సరు కణాలతో సంయోగం చేస్తారు. కేవలం ప్రతిరక్షక కణమైతే కొన్ని దినాలలో చనిపోతుంది. కాన్సరు కణంతో కలసినప్పుడు అది చావకుండా ఏళ్ళ తరబడి అదే ప్రతిరక్షకాన్ని స్రవిస్తుంది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనువారు కనిపెట్టిన మార్గం ఇది. వారికి 1984లో నోబెల్ పురస్కారం వచ్చింది. అంటే మరణం మరచిన కణాన్ని పట్టి ఇచ్చే సాధనాన్ని కూడ మరణం మరచిన కణమే తయారుచేస్తున్నది. ఆ మూషికం ప్రాణం మనకు ఋణం. దానిని వ్యర్థపుచ్చకుండా ఉండటమే ఆ ఋణానికి మనం చేయగల కనీస గౌరవం.

అటువంటిదే మరొక సీసాను ఆమె చూపించింది. దానిపై ‘పరిశోధనకు మాత్రమే’ అన్న ముద్ర ఉన్నది. “రెండూ ఒకే ప్రొటీన్‌ను వెదకుతాయి. కాని దీనిని రోగనిర్ణయానికి వాడరాదు. పరిశోధకుడు దీనితో తన ప్రశ్నను తాను పరీక్షించుకోవచ్చు. ఒక మనిషి నివేదిక వ్రాయాలంటే ఆ పనికి పరీక్షించి నిలిచినదే కావాలి” అన్నది. ఇది మనకు తెలియని న్యాయం కాదు. ఒకే మంత్రం పుస్తకంలోనూ ఉంటుంది, గురుముఖంలోనూ ఉంటుంది. వినియోగానికి అధికారం వేరు.

పరీక్ష జరిగే విధానం ఒక చిన్న క్రతువు వలె ఉన్నది. ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి స్థిరపరుస్తారు. పారఫిన్ మైనంలో పోసి దిమ్మ చేస్తారు. దాని నుండి మిల్లీమీటరులో నూట వంతు కూడ లేని పలుచని పొరలు కోసి గాజుపలకపై పరుస్తారు. ఫార్మలిన్ బిగించిన ప్రొటీన్ల ముడులు కొంత సడలడానికి వేడినీటిలో ఉంచుతారు. అప్పుడు ప్రతిరక్షకపు చుక్క వేస్తారు. అంటుకోనిదంతా కడిగివేస్తారు. ఆపై దానిని పట్టుకునే రెండవ సాధనం, దానికి తగిలించిన ఒక ఎంజైము, చివరకు ఒక రంగుద్రవ్యం. బీసీఎల్2 ఉన్నచోట గోధుమవర్ణం తేలుతుంది. తక్కిన కణకేంద్రాలకు నీలం అద్దుతారు. క్రమం తప్పితే ఫలం తప్పుతుంది. ఒక్కసారి కడగడం మరచినా మరక వ్యర్థమే.

సూక్ష్మదర్శినిలో నేను మొదట చూచినది వ్యాధి లేని గ్రంథి. నీలివర్ణపు గుండ్రని భాగం, దాని చుట్టూ గోధుమరంగు వలయం. చంద్రుని చుట్టూ వరదగుడి కట్టినట్లున్నది. “చుట్టూ ఉన్న కణాలలో బీసీఎల్2 ఉన్నది, అది సహజమే. నడుమ ఉన్న కణాలలో లేదు, ఉండకూడదు” అన్నది అమ్మాయి. ఎందుకని అడిగాను. ఆ నడిమి భాగం కణాలకు పరీక్షాస్థలమట. క్రొత్త ప్రతిరక్షకాలను తయారుచేయడానికి బి-కణాలు అక్కడ చేరి, తమ జన్యువులను స్వల్పంగా మార్చుకుంటూ ప్రయత్నిస్తాయి. శత్రువును చక్కగా గుర్తించగలిగిన కణం నిలుస్తుంది. గుర్తించలేనిది అక్కడే రాలిపోతుంది. అందుకై అక్కడ చేరిన ప్రతి కణమూ బీసీఎల్2 అనే కవచాన్ని విడిచి, మరణానికి సిద్ధపడి ఉంటుంది.

రెండవ పలకలో వ్యాధిగ్రస్తమైన గ్రంథి. చంద్రబింబమే గోధుమవర్ణమైపోయింది. కవచం విడువవలసిన చోట విడువని కణాలు గుంపులుగా కిక్కిరిసి ఉన్నాయి. నేను చాలసేపు కన్ను తీయలేదు. పతంజలి మహర్షి పంచక్లేశాలలో చివరిదిగా అభినివేశాన్ని చెప్పారు. నేను ఇట్లే ఉండాలి, నాకు అంతం రాకూడదు అనే పట్టుదల అది. పండితుని కూడ విడువని క్లేశమది. ఆ క్లేశం గాజుపలకపై మరకగా కనిపించినట్లు తోచింది. అయితే వలయంలోని కణాలలోనూ అదే ప్రొటీన్ ఉన్నదని మరువరాదు. అక్కడ అది రక్షణ. నడుమ అది రోగం. ప్రాణరక్షణేచ్ఛ స్వయంగా దోషం కాదు. విడువవలసిన చోట విడువకపోవడం దోషం.

ఇక నా వృత్తిని, నా అపరాధాన్ని తాకిన సంగతి మూడవ పలకతో వచ్చింది. అది పూర్తిగా నీలం. “వ్యాధి లేదా?” అన్నాను. “ఇది అదే వ్యాధిగ్రస్తుని ముక్క నాన్నగారూ. దీనిపై మొదటి ప్రతిరక్షకం వేయలేదు, అంతే. మరక రంగుద్రవ్యం వలన రాలేదనీ, ప్రతిరక్షకం వలననే వచ్చిందనీ నిశ్చయించుకోవడానికి” అన్నది. నాలుగవది కూడ నీలమే, కాని దానిపై ప్రతిరక్షకం వేశారు. కొందరు రోగులలో ఆ పదునాలుగు పూసల ప్రాంతంలోనే ఒకటి రెండు మారిపోతాయట. అప్పుడు ప్రొటీన్ సమృద్ధిగా ఉన్నా 124 దానిని గుర్తించదు. మాలలో వేరొక చోట పట్టుకునే మరొక ప్రతిరక్షకాన్ని వేస్తే అదే ముక్క గోధుమవర్ణమవుతుంది. ఒక్క స్వరం మారినందుకు త్వష్ట యజ్ఞఫలం తలక్రిందులై, ఇంద్రుని చంపవలసినవాడు ఇంద్రుని చేత చచ్చిన కథ మాకు పాఠశాలలో మొదటి సంవత్సరమే చెప్పారు. అక్షరం అదే, స్వరం వేరు. ఇక్కడ మాల అదే, పూస వేరు.

“మరి నీలం వచ్చినప్పుడు లేదని ఎప్పుడు చెప్పవచ్చు?” అని అడిగాను. “అదే ముక్కలో సహజంగా ఉండవలసిన చోట, ఆ టి-కణాలలో, వలయంలో, గోధుమరంగు తేలిందా అని ముందు చూస్తాం. అక్కడ కనిపిస్తేనే మా కన్ను పనిచేస్తున్నట్టు. అక్కడ కూడ లేకపోతే పరీక్షే చెడినట్టు. అక్కడ ఉండి, అనుమానించిన చోట లేకపోయినా, వ్యాధి లక్షణాలు గట్టిగా ఉంటే మరొక ప్రతిరక్షకంతో చూస్తాం” అన్నది.

మీమాంసా వేదాంత శాస్త్రాలలో అనుపలబ్ధి అనే ప్రమాణం చెప్తారు. కనిపించకపోవడం చేత లేదని గ్రహించడం. కాని ప్రతి కనిపించకపోవడమూ ప్రమాణం కాదు. వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనిపించేది అనే యోగ్యత ఉన్నప్పుడే, కనిపించకపోవడం లేదనడానికి ప్రమాణమవుతుంది. చీకటిగదిలో కుండ కనిపించకపోతే కుండ లేదనరాదు. దీనినే యోగ్యానుపలబ్ధి అంటారు. ఈ వాక్యాన్ని నేను యౌవనంలో వల్లె వేశాను. పిల్లలకు వల్లె వేయించాను. ఆ భక్తుని దవడ క్రింది గడ్డను చూచి “నొప్పి లేదు కదా, జ్వరం లేదు కదా” అన్నప్పుడు నేను చేసినది ఏమిటి? చీకటిగదిలో నిలబడి కుండ లేదని ప్రకటించాను. నా కుమార్తె నిత్యం మాంసఖండంతో ఆచరిస్తున్న ప్రమాణశాస్త్రాన్ని నేను గ్రంథంలో ఉంచి తాళం వేశాను. మడి విషయంలో ఎవరి సంకోచం ఎవరికి ఉండవలసినదో ఆనాడు అర్థమయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇదంతా మన శాస్త్రాలలో ముందే ఉన్నదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఋషులు బీసీఎల్2ను చూడలేదు. పతంజలి కణాన్ని గూర్చి మాట్లాడలేదు. అట్లా చెప్పి తృప్తిపడటం శాస్త్రానికి గౌరవం కాదు, శ్రమించిన వారికి న్యాయం కాదు. నేను చెప్పేది ఇంతే. మనం నేర్చిన మాటలకు ప్రాణం ఉన్నదా లేదా అన్నది మన ఎదుట నిలిచిన మనిషి విషయంలో వాటిని వాడినప్పుడు తెలుస్తుంది.

మరుసటి సోమవారం ప్రదోషవేళ ఆ పెద్దాయన రాగానే మండపంలో కూర్చుండబెట్టి, ముందుగా నా తప్పు ఒప్పుకున్నాను. “మిమ్మల్ని ఆపవలసిన అధికారం నాకు లేదు. ఆపాను. క్షమించండి” అన్నాను. ఆయన తల వంచుకొని, “నేను కూడ భయపడే మిమ్ముల అడిగిన అయ్యగారూ. పోవద్దని మీతో అనిపించుకుందామనే వచ్చిన” అన్నారు. ఆ మాట నా భారాన్ని తగ్గించలేదు. భయంతో వచ్చినవానికి అర్చకుడు ఇవ్వవలసినది ధైర్యం. నేను ఇచ్చినది సాకు.

తరువాత ఆయన ప్రశ్నకు సమాధానం చెప్పాను. “త్ర్యంబక మంత్రంలో చావు వద్దని అడగడం లేదండీ. అందులోని పోలిక దోసపండుది. పండిన దోస తొడిమ నుండి తనంతట తాను విడివడినట్లు మృత్యుబంధం నుండి మమ్మల్ని విడిపించు, అమృతత్వం నుండి మాత్రం వేరు చేయకు అని ప్రార్థన. పచ్చికాయ తొడిమను వదలదు. లాగితే తీగ చీలుతుంది. పండు వదులుతుంది, తీగకు బాధ లేదు. మీ లోపలి ఆ కణం మృత్యువును జయించలేదు. పండవలసిన కాలంలో పండకుండా తొడిమ పట్టుకొని ఉన్నది. చావకపోవడం అమృతత్వం కాదు. స్వామి మనం అడిగినది ఇట్లా ఇవ్వలేదు. మనం అడిగినది ఏమిటో నేనే మీకు సరిగా చెప్పలేదు.”

ఆయన చాలసేపు దీపాన్ని చూస్తూ కూర్చున్నారు. “అంటే ఇప్పుడు వాళ్ళు ఇచ్చే మందు, ఆ కణానికి వదలమని చెప్పేదా?” అన్నారు. దాదాపు అదేనన్నాను. ఆయనకు వైద్యులు కొన్ని నెలలు వేచి చూచి, గడ్డలు పెరిగిన తరువాత చికిత్స ప్రారంభించారు. అందులో ప్రధానమైన రిటుక్సిమాబ్ కూడ ఒక ప్రతిరక్షకమే. నివేదికలోని సీడీ20 అనే గుర్తును పట్టుకొని, దానిని ధరించిన కణాలను నశింపజేస్తుంది. పరీక్షలోని ప్రతిరక్షకం చూపించి ఊరుకుంటుంది. ఇది చూచి కార్యం చేస్తుంది. 1997లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. దానికి సమానమైన ఔషధాన్ని 2007లో రెడిటక్స్ అనే పేరుతో మన దేశంలో విడుదల చేసినది మన హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థయే. దాని స్థాపకులు అంజిరెడ్డిగారు పూర్వాశ్రమంలో మా సనత్‌నగర్ పొరుగున బాలానగర్‌లో ఉన్న ఐడీపీఎల్‌లో పనిచేసినవారు. బీసీఎల్2నే నేరుగా నిరోధించే వెనెటోక్లాక్స్ అనే మాత్రను 2016లో ఒక రకమైన దీర్ఘకాలిక రక్తకాన్సరుకు అమెరికాలో అనుమతించారు. అది మన భక్తుని వ్యాధికి ఇచ్చినది కాదు. అయినను ఆ మాత్ర ద్వారపాలకుని చేయి తప్పించి, కణానికి తన మరణాన్ని తిరిగి ఇస్తుందని మా అమ్మాయి చెప్పినప్పుడు, మరణాన్ని కూడ ఔషధంగా ఇవ్వవచ్చునన్న మాట నాకు చిత్రంగా వినిపించింది.

ప్రస్తుతం ఆయన గడ్డలు అణగినాయి. ఈ వ్యాధి నెమ్మదిగా నడిచేదనీ, సంవత్సరాల తరబడి అదుపులో ఉండవచ్చుననీ, మరల తలయెత్తవచ్చుననీ వైద్యులు చెప్పారు. నలుబదియొక్క దినాల జాప్యం వలన ఈ వ్యాధిలో పెద్ద భేదం రాలేదని కూడ అన్నారు. ఆ మాట నాకు ఊరట మాత్రమే, నిష్కృతి కాదు. లింఫోమాలలో వారాలలో పెరిగే జాతులు కూడ ఉన్నాయి. ఆనాటి గడ్డ ఏ జాతిదో నాకు తెలియదు. తెలియకుండానే ఆపాను. ఫలితం మంచిదైనంత మాత్రాన ప్రమాణం లేని మాట ప్రమాణం కాదు.

అప్పటి నుండి మా ఆలయంలో నేను ఒక నియమం పెట్టుకున్నాను. అనారోగ్యానికై జపం, హోమం, శాంతి అని ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న గోత్రం కాదు, “వైద్యునికి చూపించారా?” అన్నది. చూపించలేదంటే, “ముందు చూపించి రండి. మీరు వెళ్ళిన క్షణం నుండే నేను జపం మొదలుపెడతాను” అంటాను. జపం మానలేదు. చికిత్సకు వెళ్ళే మనిషికి ధైర్యం, చికిత్స చేసే చేతికి స్థైర్యం, పరీక్ష చేసే కన్నుకు స్పష్టత ప్రార్థిస్తాను. ఆ మూడవది ఇంతకు మునుపు నా సంకల్పంలో ఉండేది కాదు.

ఈ కార్తికంలో ఆ పెద్దాయన తమ పెరటి పాదున కాచిన దోసపండు ఒకటి తెచ్చి స్వామి ముందుంచారు. “కోయలేదు అయ్యగారూ. పొద్దున చూస్తే తానే ఊడి ఉన్నది” అన్నారు. తొడిమ ఉన్నచోట గాయం లేదు, గుండ్రని చిన్న మచ్చ మాత్రమే ఉన్నది. నివేదన చేసి, ముక్కలు కోసి అందరికీ పంచాము. మా అమ్మాయి కూడ ఆనాడు ఆలయానికి వచ్చింది. పనినుండి నేరుగా వచ్చింది. ప్రసాదం ఆమె చేతిలోనే మొదట పెట్టాను.

స్వస్తి.